ఆర్పీజీ గేముల సంగీతం: ఎంత పొడవుంటుంది, ఎప్పుడు బాగుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్పీజీ సౌండ్‌ట్రాక్‌ల గురించి కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలు, పాతకాపులు గంటల తరబడి వాదించుకునే ప్రశ్నలు రెండూ ఇక్కడ ఉన్నాయి. జవాబుల్లో సమాచారంతో పాటు నా ఇష్టాయిష్టాలు కూడా కలిసిపోయి ఉంటాయి. కథ గుట్టు విప్పే చోట ముందే చెబుతాను.

ఇక్కడ ఆర్పీజీ అంటే ఏ గేములు?

ఆర్పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్. ఒక పాత్రనో, నలుగురైదుగురి జట్టునో వెంటేసుకుని, ఊళ్ళు తిరుగుతూ, శత్రువులతో తలపడుతూ, లెవెల్ పెంచుకుంటూ పెద్ద కథ నడిపించే గేములు. జపాన్ నుంచి డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ, పెర్సోనా. పడమటి వైపు నుంచి ఎల్డర్ స్క్రోల్స్, విచర్, బాల్డర్స్ గేట్. ఏది అసలైన ఆర్పీజీ, ఏది కాదు అన్న తగాదాలోకి దిగడం లేదు.

వీటి సౌండ్‌ట్రాక్‌లు అంత పొడవు ఎందుకు?

గేమ్ పొడవు కాబట్టి. ముప్ఫై గంటల నుంచి వంద గంటల దాకా సాగే ఆటలో ప్రతి ఊరికీ, ప్రతి గుహకీ, ముఖ్యమైన ప్రతి పాత్రకీ ఒక బాణీ కావాలి. మామూలు పోరుకొకటి, బాస్‌కి, అంటే పెద్ద శత్రువుకి, ఇంకొకటి, చివరి బాస్‌కి మరొకటి. ఓడలో వెళ్తే ఒకటి, గాలిలో ఎగిరితే ఒకటి. గెలిచినప్పుడు మోగేది, సత్రంలో పడుకుని లేచినప్పుడు మోగేది కూడా ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.

మొదట్లో ఇంత లేదు. 1986లో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్‌కి కోయిచి సుగియామా రాసినవి, చిన్నాచితకా ధ్వనులు పక్కన పెడితే, ఎనిమిది బాణీలు. 1994లో ఫైనల్ ఫాంటసీ 6 వచ్చేసరికి నొబువొ ఉఎమత్సు సంగీతం మూడు సీడీలు, 61 ట్రాక్‌లు అయింది. 1997లో ఏడో భాగానికి నాలుగు సీడీలు, 85 ట్రాక్‌లు.

ఆల్బమ్ మీద మూడు గంటలని ఉంటే మూడు గంటల కొత్త సంగీతం ఉన్నట్టేనా?

కాదు. కొనే ముందు ఇది తెలుసుకోవడం మంచిది.

గేములో బాణీకి ముగింపు ఉండదు. మీరు ఆ ఊళ్ళో ఎంతసేపు ఉంటారో కంపోజర్‌కి తెలియదు కాబట్టి, చివరికి రాగానే మళ్ళీ మొదటికి అతుక్కునేలా రాస్తారు. దాన్నే లూప్ అంటారు. సీడీలోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. అందుకని సాధారణంగా లూప్‌ని రెండుసార్లు తిప్పి, మెల్లగా శబ్దం తగ్గిస్తూ ముగిస్తారు. ఒకటిన్నర నిమిషం బాణీ ఆల్బమ్‌లో మూడు నిమిషాలు అయ్యేది అలాగే. పాతకాలపు ఆల్బమ్‌ల నిడివిని దాదాపు సగానికి కోసుకుంటే అసలు లెక్కకు దగ్గరగా వస్తుంది.

ట్రాక్‌ల సంఖ్యని కూడా నమ్మడానికి లేదు. 2015 నాటి అండర్‌టేల్‌లో 101 ట్రాక్‌లు ఉన్నాయి, మొత్తం నిడివి మాత్రం రెండు గంటలే. కొన్ని ట్రాక్‌లు మొదలయ్యాయని గమనించేలోపే అయిపోతాయి. 2011 నాటి స్కైరిమ్ ఆల్బమ్‌లో 53 ట్రాక్‌లే ఉన్నా అది నాలుగు సీడీలు. అందులో చివరి ట్రాక్ ఒక్కటే 42 నిమిషాలు, అదీ గాలి హోరుతో కలిసి సాగే వాతావరణ సంగీతం. ఈ రెండింటినీ అంకెలతో పోల్చి ఏది పెద్దదంటే ఏం చెబుతాం?

నా లెక్కలో చూడాల్సింది వేరే ఉంది. ఒక బాణీ ఆటలో ఎన్నిసార్లు చెవిన పడుతుంది, వందోసారి కూడా దాన్ని ఆపెయ్యాలని అనిపించకుండా ఉందా? మొదటిసారి వినగానే బాగున్న సంగీతం బోలెడంత ఉంది. ఆర్పీజీ కంపోజర్‌కి పరీక్ష పెట్టేది ఆ వందోసారి.

పాత గేముల్లో అంత చిన్న చిప్ మీద అంత సంగీతం ఎలా పట్టించారు?

దీనికి జవాబు కాస్త పొడుగు.

మొదటి డ్రాగన్ క్వెస్ట్ నడిచిన నింటెండో వారి ఫామికామ్ యంత్రంలో ఒకేసారి మోగగలిగేవి ఐదు ఛానెళ్ళు: బాణీకి వాడుకునే రెండు చదరపు అలలు, బేస్‌కి, అంటే కింది స్వరాలకి, ఒక త్రిభుజాకార అల, డ్రమ్స్ కోసం బుస్సుమనే ఒక శబ్దం, తక్కువ నాణ్యత రికార్డింగుల కోసం ఇంకొకటి. ఇందులోంచే కత్తి దెబ్బల చప్పుడు కూడా రావాలి. చప్పుడు వచ్చిన క్షణంలో సంగీతంలోని ఒక గొంతు మాయమైపోయేది. ఆ పరిమితిలోనే సుగియామా చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. గుహలో ఒక్కో అంతస్తు కిందికి దిగుతుంటే అదే బాణీ ఇంకాస్త మందగించి, ఇంకాస్త కింది శ్రుతికి జారుతుంది. కొత్త సంగీతం ఒక్క ముక్క కూడా రాయలేదు. కానీ లోతుకి పోతున్నామన్న భయం మాత్రం చెవిలోంచే ఎక్కుతుంది.

తర్వాతి తరం సూపర్ ఫామికామ్‌లో సౌండ్ చిప్ సోనీది. రూపకర్త కెన్ కుతరాగి, తర్వాత ప్లేస్టేషన్ తెచ్చింది ఈయనే. ఎనిమిది ఛానెళ్ళు, అసలు వాద్యాల రికార్డింగుల్ని వాడుకునే వీలు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మొత్తం జాగా 64 కిలోబైట్లు. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో చాలాసార్లు అంతకంటే బరువుంటుంది. వయొలిన్, ఫ్లూట్, డ్రమ్, స్వరాల వరుస, వాటిని నడిపించే ప్రోగ్రామ్ అన్నీ అందులోనే సర్దాలి. గుడిలోనో గుహలోనో ఉన్నట్టు ప్రతిధ్వని కావాలంటే దానికీ అందులోంచే జాగా ఇవ్వాలి. పదహారు మిల్లీసెకన్ల ఆలస్యానికి రెండు కిలోబైట్ల చొప్పున ఖర్చు. ప్రతిధ్వని పెంచితే వయొలిన్ నాణ్యత తగ్గించుకోవాలి. కంపోజర్లు రోజూ చేసిన బేరం ఇదే.

ఫైనల్ ఫాంటసీ 6లో ఒక ఒపెరా సన్నివేశం ఉంది. మాటలు తెర మీద కనిపిస్తాయి, గొంతులా వినిపించేది ఒక చిన్న శాంపిల్, అంటే చిన్న రికార్డింగు ముక్క, మాత్రమే. ఇప్పటి చెవికి అది గొంతులా అనిపించదు. అయినా ఆ సన్నివేశంలో జనం కళ్ళు చెమర్చాయంటే కారణం బాణీ బలం. అదే గేములో చివరి పోరు సంగీతం, డాన్సింగ్ మ్యాడ్, ఆల్బమ్‌లో పదిహేడు నిమిషాల దాకా ఉంటుంది. బాస్ ఒక్కో రూపం దాటుతుంటే సంగీతం కూడా ఒక్కో అంకం దాటుతుంది.

సీడీలు వచ్చాక ఆ ఇబ్బంది పోయింది కదా, మరి ఫైనల్ ఫాంటసీ 7 సంగీతం కీబోర్డు మీద వాయించినట్టు ఎందుకుంటుంది?

సీడీలో రికార్డింగు పెట్టుకునే వీలు ఉన్నా ఉఎమత్సు ఎక్కువగా ప్లేస్టేషన్‌లోని సౌండ్ చిప్‌నే వాడాడు. సీడీ నుంచి పాట వస్తున్నంతసేపూ అదే సీడీ నుంచి ఆటకి కావలసిన డేటా చదవడం కష్టం. లోడింగ్ ఆలస్యం పెరుగుతుంది. చిప్‌లో 24 గొంతులు, 512 కిలోబైట్లు ఉన్నాయి కాబట్టి దాంతో సరిపెట్టుకున్నాడు. చివర్లో వన్ వింగ్డ్ ఏంజెల్ అనే బాణీకి మాత్రం లాటిన్‌లో పాడే నిజమైన కోరస్ తెచ్చాడు. అన్నాళ్ళూ యంత్రం గొంతు విన్నవాళ్ళకి ఒక్కసారిగా మనుషుల గొంతు వినపడితే ఒళ్ళు జలదరించదా మరి!

ఒకే బాణీని తిప్పి తిప్పి వాడటం బద్ధకం కాదా?

సినిమాలో హీరో బీజీఎమ్‌కి అలవాటుపడ్డ మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కొన్ని గేములు మిగిలిన బడ్జెట్‌ని బట్టి అతికిస్తాయి, అది బద్ధకమే. కొన్ని మాత్రం కావాలనే దాచిపెట్టి, సరైన చోట బయటికి తీస్తాయి. అండర్‌టేల్‌లో మొట్టమొదటి తెర మీద వినపడిన చిన్న బాణీ ఆట చివర్లో ఇంకో రూపంలో తిరిగొచ్చినప్పుడు, ఎందుకో తెలియకుండానే గొంతు పట్టేస్తుంది. దాన్ని రాసింది టోబీ ఫాక్స్. సంగీతమే కాదు, ఆ గేమ్‌ని తయారుచేసిందీ ఆయనే. బాణీని ఎక్కడ దాచాలో తెలిసింది అందుకేనేమో.

ఇక్కడి నుంచి ఈ జవాబు చివరి దాకా ఫైనల్ ఫాంటసీ 7 కథ బయటపడుతుంది. ఆడాలనుకుంటే తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి. జట్టులోని ఎయిరిత్ అనే అమ్మాయి చనిపోయినప్పుడు ఆమె బాణీ మొదలవుతుంది. వెంటనే బాస్‌తో పోరు. ఏ గేములోనైనా ఆ క్షణంలో బాస్ సంగీతం దడదడలాడుతూ వచ్చేయాలి. ఇక్కడ రాదు. ఎయిరిత్ బాణీ ఆగకుండా పోరు పొడుగునా సాగుతూనే ఉంటుంది. మీరు మెనూలో దాడి ఎంచుకుంటుంటారు, వెనకాల ఆ పియానో. కొత్తగా ఒక్క స్వరం కూడా రాయకుండా, మారాల్సిన సంగీతాన్ని మార్చకుండా వదిలేశారు, అంతే. గంటల కొద్దీ ఆర్కెస్ట్రా రికార్డింగులు ఇవ్వలేనిది ఆ ఒక్క నిర్ణయం ఇచ్చింది.

మామూలు పోరు సంగీతం కొన్ని గేముల్లో విసుగు, కొన్నింటిలో హుషారు. ఎందుకలా?

పోరు సంగీతంలో మీరు నిజంగా వినేది మొదటి అరనిమిషమే. చిన్న శత్రువులతో పోరు అంతలోనే అయిపోతుంది. బాణీ రెండో సగం ఎంత గొప్పగా ఉన్నా, మీరు ఓడిపోయేంత దాకా వస్తే తప్ప వినరు. అందుకని అనుభవం ఉన్న కంపోజర్ తన దగ్గరున్న మంచిదంతా ముందే పెట్టేస్తాడు. ఫైనల్ ఫాంటసీ పాత భాగాల్లో పోరు మొదలవగానే పరిగెత్తే ఆ బేస్ వరుస ఎంతగా నాటుకుపోయిందంటే, రెండు సెకన్లు వినిపిస్తే చాలు, ఆడినవాళ్ళు గుర్తుపట్టేస్తారు.

దీనికి ఇంకో కోణం ఉంది. చాలా పాత గేముల్లో పోరు అయిపోగానే దారి సంగీతం ఆగిన చోటి నుంచి కాకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. నాలుగడుగులకో పోరు వస్తుంటే, ఆ ప్రపంచపు మ్యాప్ బాణీలో మొదటి ముక్కే చెవులు చిల్లులు పడేలా వింటాం, అందమైన రెండో ముక్క ఆల్బమ్ కొన్నాక గానీ తెలియదు. ఇది సంగీతం తప్పు కాదు, ప్రోగ్రామింగ్ తప్పు. తిట్లు మాత్రం కంపోజర్‌కి.

పెర్సోనా 5 రాయల్ దీన్ని తెలివిగా దాటింది. శత్రువుని వెనక నుంచి దొంగచాటుగా పట్టుకుంటే టేక్ ఓవర్ అనే పాట వస్తుంది, లేకపోతే లాస్ట్ సర్‌ప్రైజ్. మీ ఆట తీరుని బట్టి పాట మారుతుంది కాబట్టి, పాట కోసమైనా జాగ్రత్తగా ఆడాలనిపిస్తుంది. షోజి మెగురో బాణీలకి లిన్ గొంతు, ఆ జాజ్ ఊపు కలిసి ఒకటే పాటని వందసార్లు విన్నా పర్లేదు అనిపించాయి. నాకైతే అనిపించింది.

అన్నిటికంటే ఎక్కువ సంగీతం ఉన్నది ఏది?

ఆన్‌లైన్‌లో ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయే గేములదే పైచేయి. ఫైనల్ ఫాంటసీ 14కి, దాని విస్తరణలన్నీ కలుపుకుని 384 సొంత బాణీలున్నాయని 2017లో గిన్నిస్ రికార్డు ఇచ్చారు. ఆ తర్వాత కూడా అది పెరుగుతూనే ఉంది. ఒంటరిగా ఆడే వాటిలో ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ ఆల్బమ్ 2020లో ఏడు సీడీలతో వచ్చింది. ఫ్రాన్స్‌లోని ఒక చిన్న స్టూడియో నుంచి 2025లో వచ్చిన క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 సంగీతం 154 ట్రాక్‌లు, ఎనిమిది గంటల పైమాటే. ప్రధాన కథ ముప్ఫై గంటల్లో అయిపోయే ఆటకి ఎనిమిది గంటల సంగీతం అంటే, ఒకే బాణీ పదేపదే వినాల్సిన అవసరం చాలా తగ్గిపోయినట్టే. ఈ నిష్పత్తి వట్టి గంటల లెక్క కంటే పనికొస్తుంది.

పొట్టి సౌండ్‌ట్రాక్‌తో గొప్పవి ఉన్నాయా?

ఉన్నాయి. ఎల్డర్ స్క్రోల్స్ వరసలో 2002 నాటి మారోవిండ్ ఆల్బమ్ గంట కూడా ఉండదు. అంత పెద్ద దీవి, వందల గంటలు తిరిగే జనం, సంగీతం ఇంతే. నిజం చెప్పాలంటే ఆటలో ఎక్కువసేపు ఉంటే పునరావృతం తెలుస్తుంది. కానీ జెరెమీ సోల్ రాసిన టైటిల్ బాణీ ఎంత బలమైందంటే, తర్వాతి భాగం ఆబ్లివియన్‌లో కొత్త రూపంలో వచ్చింది, స్కైరిమ్‌లో మగ గొంతుల కోరస్ వెనక మళ్ళీ వచ్చింది.

డార్క్ సోల్స్ ఇంకా తెగువ చూపించింది. 2011లో వచ్చిన ఆ గేములో దారి పొడుగునా చాలావరకు సంగీతమే ఉండదు. మీ అడుగుల చప్పుడు, కవచం గలగల, ఎక్కడో గొలుసు లాగిన శబ్దం. బాస్ గదిలోకి అడుగుపెట్టాక గానీ మొతోయి సకురాబా ఆర్కెస్ట్రా మోగదు. తీరా చివరి బాస్ దగ్గర అందరూ పిడుగులు పడే సంగీతం ఎదురుచూస్తుంటే, ఒక ఒంటరి పియానో వినపడుతుంది. మిగతా గేమ్ అంతా సంగీతంతో నింపి ఉంటే ఆ పియానోకి అంత బరువు వచ్చేది కాదు.

నిజమైన ఆర్కెస్ట్రా ఉంటేనే నాణ్యత ఉన్నట్టా?

చాలామంది అలాగే అనుకుంటారు, నేను ఒప్పుకోను. ఆర్కెస్ట్రా ఖర్చు చూపిస్తుంది, బాణీని ఇవ్వదు. ఈమధ్య భారీ గేముల్లో తంత్రీ వాద్యాలు అలా సాగదీస్తూ, ఏ సన్నివేశానికైనా సరిపోయే సంగీతం ఎక్కువైంది. వినేటప్పుడు ఖరీదుగా ఉంటుంది, గేమ్ ఆపాక ఒక్క ముక్క గుర్తుండదు.

అలాగని పాత చిప్ సంగీతమే గొప్పదని కూడా అనను. విచర్ 3 చూడండి. మార్చిన్ ప్రిబిలోవిచ్, మికొవాయ్ స్ట్రోయిన్స్కీ ఇద్దరూ పర్సివాల్ అనే పోలిష్ జానపద బృందంతో కలిసి పనిచేశారు. ఆ పోరు పాటల్లో గరుకైన ఆడ గొంతుల అరుపులు, తీగ వాద్యాల గీత ఉంటాయి. పెద్ద హాల్లో నున్నగా రికార్డు చేసి ఉంటే అది సగం చచ్చిపోయేది.

ఆడుతుంటే సంగీతం దానంతటదే మారినట్టు ఉంటుంది. భ్రమా, నిజమా?

నిజమే. నియర్ ఆటోమాటా దీనికి మంచి ఉదాహరణ. కెయిచి ఒకబే బృందం ఒక్కో బాణీకీ నెమ్మదైనది, మధ్యస్థమైనది, ఉద్ధృతమైనది, గొంతు ఉన్నది, లేనిది అని పొరలు చేసిపెట్టింది. మీరు నడుస్తుంటే ఒక పొర, పోరు ముదిరితే ఇంకో పొర. హ్యాకింగ్ మొదలైతే అదే బాణీ పాత చిప్ శబ్దంలోకి దూకి, అయ్యాక అదే తాళం మీద తిరిగొస్తుంది. జెనోబ్లేడ్ క్రానికల్స్‌లో ఒకే మైదానానికి పగటి బాణీ వేరు, రాత్రి బాణీ వేరు. ఇలాంటి వాటికి ఆల్బమ్ నిడివి ఎంత అని అడిగితే, ఏ పొరని లెక్కేయాలన్న ప్రశ్న మొదలవుతుంది.

ఇంత సంగీతం ఒక్కరే రాస్తారా?

ఒకప్పుడు దాదాపు అంతే, దాని ఫలితం కూడా అలాగే ఉండేది. క్రోనో ట్రిగర్ యసునోరి మిత్సుదాకి మొదటి పెద్ద అవకాశం. అంతకుముందు ఆయన ఆ గేమ్ తీసిన కంపెనీలోనే సౌండ్ ఎఫెక్ట్స్ చేసేవాడు. రాత్రింబవళ్ళు పనిచేశాడు, మధ్యలో హార్డ్ డిస్క్ పాడైపోయి నలభై దాకా సగంలో ఉన్న బాణీలు పోయాయి, చివరికి కడుపులో పుళ్ళు పడి ఆస్పత్రి పాలయ్యాడు. మిగిలినవి ఉఎమత్సు పూర్తి చేశాడు. 1995లో వచ్చిన ఆ సంగీతాన్ని జనం ఇప్పటికీ వింటున్నారు, కానీ అలా రాయమని ఎవరికీ చెప్పకూడదు.

ఫైనల్ ఫాంటసీ 14 సంగీతం చూసే మసయోషి సోకెన్ క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటూనే ఆస్పత్రి నుంచి పనిచేశాడని 2021లో అభిమానుల ముందు బయటపెట్టాడు. ఇప్పుడు పెద్ద గేములకి బృందాలే పనిచేస్తున్నాయి. దాంతో నిడివి పెరిగింది, ఒకే మనిషి చెయ్యి కనపడటం తగ్గింది. ఎక్స్‌పెడిషన్ 33కి లోరియన్ టెస్టార్ ప్రధాన కంపోజర్‌గా ఉండటం, అదే ఆయన మొదటి గేమ్ కావడం అందుకే అంత ముచ్చటగా అనిపించింది.

మన వాద్యాలు ఎక్కడైనా వినిపిస్తాయా?

క్రోనో ట్రిగర్‌లో జీల్ రాజ్యానికి వచ్చే కారిడార్స్ ఆఫ్ టైమ్ వినండి. ఆ చిన్న చిప్ మీదే సితార్, తబలా లాంటి ధ్వనులు వినిపిస్తాయి. ఫోన్లలో కూడా ఆడే గెన్షిన్ ఇంపాక్ట్‌లో సుమేరు ప్రాంతం 2022లో వచ్చింది. దాని సంగీతంలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పాటు సితార్, బాన్సురి, తబలా ఉన్నాయి. రెండు చోట్లా మన సంగీతం ఏదో మాయలోకపు గుర్తుగానే వస్తుంది, రాగం లోతుల్లోకి ఎవరూ పోలేదు. వీణ, మృదంగంతో నడిచే ఆర్పీజీ ఒకటి వస్తే మొదటి రోజే కొనేవాళ్ళలో నేనుంటాను.

అవార్డులు, కచేరీల సంగతి?

డ్రాగన్ క్వెస్ట్ సంగీతం 1987లోనే టోక్యోలో ఆర్కెస్ట్రా కచేరీగా జరిగింది. ఫైనల్ ఫాంటసీ కచేరీ డిస్టెంట్ వరల్డ్స్ 2007లో స్టాక్‌హోమ్‌లో మొదలై దేశాలు తిరుగుతోంది. కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో క్రీడాకారులు నడిచొచ్చింది జపాన్ గేముల బాణీల మీదే, మొదటిది డ్రాగన్ క్వెస్ట్‌ది. గ్రామీల్లో గేములకి ప్రత్యేక విభాగం 2023లో మొదలైంది. 2025లో ఆ అవార్డు విజార్డ్రీ రీమేక్‌కి రాసిన వినిఫ్రెడ్ ఫిలిప్స్‌కి దక్కింది. విజార్డ్రీ 1981 నాటి ఆర్పీజీ అని గుర్తుంచుకుంటే ఇంకా సరదాగా ఉంటుంది.

గేమ్ ఆడకుండా వినొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

వినొచ్చు. మొత్తం ఆల్బమ్ వరసగా పెట్టకండి, మధ్యలో ఐదు సెకన్ల సత్రం శబ్దాలు వచ్చి చిరాకు పుడుతుంది. బాణీ కోసమైతే క్రోనో ట్రిగర్. గొంతు కోసమైతే నియర్ లేదా ఎక్స్‌పెడిషన్ 33. బండి నడుపుతూ హుషారుకైతే పెర్సోనా 5. చదువుకుంటూనో, కోడ్ రాస్తూనో వినడానికి స్కైరిమ్ చివరి 42 నిమిషాల ట్రాక్‌ని మించింది లేదు. పోరు సంగీతం మాత్రం చదువుకునేటప్పుడు వద్దు, అనవసరంగా టెన్షన్ పెరుగుతుంది.

నా యూట్యూబ్ వీడియోలో వాడుకోవచ్చా?

చాలావాటికి కుదరదు. గేమ్ కొన్నంత మాత్రాన సంగీతం మీద హక్కు రాదు, ఆట వీడియో పెట్టుకోనిచ్చే కంపెనీలు కూడా సంగీతాన్ని విడిగా వాడటానికి ఒప్పుకోకపోవచ్చు. నిహోన్ ఫాల్కమ్ అనే జపాన్ కంపెనీ ఇందుకు మినహాయింపు, తన గేముల సంగీతాన్ని కొన్ని షరతుల మీద ఉచితంగా వాడుకోనిస్తుంది. ఆ షరతులు కంపెనీ సొంత సైట్లోనే చదవండి. కింద కామెంట్లలో ఎవరో పర్లేదన్నారని పెట్టేస్తే స్ట్రైక్ పడేది మీ ఛానెల్‌కే.